పెళ్ళి క్యాసెట్టూ, ఇంటి కంప్యూటరూ, గ్రాఫిక్స్ కార్డు మోజూ

పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకుని ఎడిట్ చేసుకోవాలని ఉబలాటపడే బంధుమిత్రులు నన్ను మొదట అడిగేది గ్రాఫిక్స్ కార్డు గురించే. ఎన్ని జీబీల కార్డు వేయించాలి, ఏ కంపెనీది మంచిది, పాత మదర్‌బోర్డుకు సరిపోతుందా అని అడుగుతారే తప్ప, క్యాసెట్టును ఆడించే వీసీఆర్ ఏ స్థితిలో ఉంది, ఎక్కించిన ఫైలు ఏ డిస్కు మీద పడుతుంది అని ఆలోచించినవారు నాకు అరుదుగానే తారసపడ్డారు. ఇంట్లో ఆరేడేళ్ళ నాటి కంప్యూటరు ఉంటే ఈ పనికి కొత్తది కొననవసరం లేదని, డబ్బు పెట్టదలిస్తే దాని చుట్టూ ఉండే వస్తువుల మీద పెట్టాలని, కొత్త భాగాలు తగిలించడం కంటే ఆ కంప్యూటరు మన కంట పడకుండా చేస్తున్న పనులను మాన్పించడమే అసలు మెరుగుదల అని నా వాదన.

క్యాప్చర్ (అంటే క్యాసెట్టులోని బొమ్మను కంప్యూటరులోకి ఎక్కించుకోవడం), ఎడిటింగ్ అని ఎప్పుడూ జంటగా పలకడం వల్ల ఆ రెండింటికీ ఒకే రకం యంత్రం కావాలనే భ్రమ కలుగుతుంది. ఎడిటింగ్‌లో కంప్యూటరు నెమ్మదిస్తే మనకు విసుగు పుడుతుంది, అంతే. రెండు నిమిషాల్లో కావలసిన రెండరింగ్ (తుది వీడియో తయారీ) ఇరవై నిమిషాలు పట్టినా చివరికి వచ్చే బొమ్మలో తేడా ఉండదు. క్యాప్చర్ సంగతి అలా కాదు. క్యాసెట్టు తన వేగంతో తాను తిరుగుతూనే ఉంటుంది, మన కంప్యూటరు కోసం ఆగదు. పంచాయతీ కుళాయి వచ్చే వేళ బిందె పక్కకు జరిగితే ఆ కాసిని నీళ్ళూ నేలపాలైనట్టే, ఆ క్షణంలో అందుకోలేకపోయిన ఫ్రేము (వీడియోలోని ఒక్కో నిశ్చల బొమ్మ) పోయినట్టే లెక్క. అదే క్యాసెట్టును మళ్ళీ ఆడించవచ్చు కదా అనవచ్చు గానీ, పాతికేళ్ళు అటకమీద ఉన్న రీలు ప్రతి ఆటకూ కొంత అరుగుతుంది. కొన్ని రీళ్ళు రెండో ఆటను తట్టుకోవు కూడా.

అంకెలు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. మన దేశంలో టీవీకి వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్ల గడువు. 720 పిక్సెళ్ళ వెడల్పు, 576 వరుసల ఎత్తు ఉన్న చిత్రాన్ని ఏ కుదింపూ లేకుండా 8 బిట్ల 4:2:2 రంగుతో (వెలుగు ప్రతి పిక్సెలుకూ, రంగు రెండేసి పిక్సెళ్ళకు ఒకసారి) రాసుకుంటే సెకనుకు సుమారు 20.7 మెగాబైట్లు, గంటకు సుమారు 75 జీబీ అవుతుంది. డెస్క్‌టాపులో ఉండే మామూలు హార్డ్ డిస్కు సెకనుకు 100 మెగాబైట్లకు పైగానే రాయగలదు కనుక, సగటు లెక్కన ఎన్నో రెట్ల వెసులుబాటు ఉన్నట్టే. అయినా ఫ్రేములు పడిపోతాయి, ఎందుకంటే ఈ పనిలో సగటుకు విలువ లేదు. గంటలో యాభైతొమ్మిది నిమిషాలు డిస్కు ఖాళీగా ఉండి, ఏదో ఒక క్షణాన విండోస్ అప్‌డేట్ వచ్చి దాన్ని రెండు సెకన్లపాటు పట్టుకుంటే, సాఫ్ట్‌వేరు తాత్కాలికంగా దాచుకునే చోటు (బఫర్) నిండిపోయి ఆ రెండు సెకన్లలోని బొమ్మ చేజారుతుంది.

ఆ చేజారడం ఎలా కనిపిస్తుందో చెబుతాను. వర్చువల్‌డబ్ వంటి పాత సాఫ్ట్‌వేరులో క్యాప్చర్ నడుస్తున్నంతసేపూ కుడివైపున పడిపోయిన ఫ్రేముల లెక్క ఒకటి కనిపిస్తూ ఉంటుంది. అది సున్నా మీద నిలబడి ఉన్నంతవరకు నిశ్చింత. యాంటీవైరస్ తన రోజువారీ తనిఖీ మొదలుపెట్టగానే ఆ అంకె 3 అవుతుంది, 11 అవుతుంది, 25 అవుతుంది. శబ్దం మాత్రం వేరే దారిలో ఆగకుండా వస్తూనే ఉంటుంది కనుక, రెండింటినీ సరిచూసుకునే సెట్టింగు పెట్టుకోకపోతే 25 ఫ్రేములు పోయేసరికి బొమ్మ ఒక సెకను ముందుకు వెళ్ళిపోతుంది. పెళ్ళి క్యాసెట్టులో దాని ఫలితం ఏమిటంటే, పెళ్ళికొడుకు మూడో ముడి వేసి చేతులు వెనక్కి తీసుకున్నాక గానీ గట్టిమేళం అందుకోదు. చూసేవాళ్ళకు ఎక్కడో ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది గానీ, కారణం యాంటీవైరస్ అని ఎవరికీ తట్టదు.

కాబట్టి క్యాప్చర్ చేసే ముందు కంప్యూటరును వీలైనంత సోమరిగా మార్చాలి. విండోస్ ఉన్న డిస్కు మీద కాకుండా వేరే డిస్కు మీద ఫైలు పడేలా చూసుకోవాలి; ఆ ఫోల్డరును యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించాలి; వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి ఆ ఫోల్డరును చూడకుండా చేయాలి, లేకపోతే ఫైలు పుడుతూ ఉండగానే దాన్ని ఇంటర్నెట్‌కు ఎక్కించడం మొదలుపెడతాయి. పవర్ సెట్టింగుల్లో నిద్రకు వెళ్ళడాన్ని, యూఎస్‌బీ పోర్టులకు కరెంటు తగ్గించే సదుపాయాన్ని ఆపివేయాలి. వీసీఆర్ సిగ్నల్‌ను కంప్యూటరుకు అందించే క్యాప్చర్ పరికరాన్ని యూఎస్‌బీ హబ్బులో కాకుండా నేరుగా మదర్‌బోర్డు పోర్టుకు గుచ్చాలి, ఎందుకంటే హబ్బులో దానితోపాటు ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా ఉంటే రెండూ ఒకే దారిని పంచుకోవలసి వస్తుంది. నేనైతే వైఫై కూడా ఆపేస్తాను. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు, బహుశా అందుకే దుకాణాల్లో ఎవరూ చెప్పరు.

ఈ సందర్భంలోనే ఒక మాట. విండోస్ ఎక్స్‌పీ కాలంలో కంప్యూటర్ పత్రికల్లో వచ్చిన చిట్కాలు ఇప్పటికీ చేతులు మారుతూ ఉన్నాయి. డిస్కును డీఫ్రాగ్ చేయమని (ముక్కలుగా పడిన ఫైళ్ళను ఒకచోట చేర్చమని), డిస్కు వేగంగా పనిచేసే డీఎమ్ఏ మోడ్ ఆన్ అయి ఉందో లేదో చూడమని, విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీని శుభ్రం చేయమని చెప్పేవారు. అప్పటి డిస్కులకు మొదటి రెండు సలహాలూ అవసరమైనవే. డిస్కు పొరపాటున నెమ్మదైన పీఐఓ మోడ్‌లోకి జారితే డీవీ (డిజిటల్ వీడియో) ఫైలు రాయడం కూడా దానికి భారమయ్యేది. నేటి ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ చేస్తే ఒరిగేది లేకపోగా దాని ఆయుష్షులో కొంత తరుగుతుంది. రిజిస్ట్రీ శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ల వల్ల అప్పుడూ ప్రయోజనం లేదు, ఇప్పుడూ లేదు. గేమ్ బూస్టర్ అని పేరు పెట్టుకుని వచ్చేవి నేపథ్యంలో తామే నడుస్తూ, మనం తగ్గించాలనుకున్న పనికి మరొకటి చేరుస్తాయి.

ఇంత చేసినా ఫ్రేములు పడిపోతూనే ఉంటే తప్పు చాలావరకు కంప్యూటరుది కాదు, వీసీఆర్ నుంచి వచ్చే సిగ్నల్‌ది. 1976లో జేవీసీ తెచ్చిన వీహెచ్‌ఎస్ పద్ధతిలో తిరుగుతున్న రీలు మీద నుంచి, తిరుగుతున్న హెడ్డు బొమ్మను చదువుతుంది. రీలు సాగినా, రోలరు అరిగినా ఒక్కో వరుస రావలసిన సమయం కంటే కాస్త ముందో వెనకో వస్తుంది. పాత పిక్చర్‌ట్యూబ్ టీవీ ఆ తొట్రుపాటును సర్దుకుని చూపించేది. క్యాప్చర్ పరికరానికి అంత ఓపిక లేదు. లెక్క తప్పిన ఫ్రేమును అది పక్కన పడేస్తుంది, లేదా ముందటి ఫ్రేమునే మళ్ళీ పెడుతుంది. నిలువుగా ఉండవలసిన మండపపు అరటి బోదెలు పైభాగాన ఒక పక్కకు వంగి వణుకుతూ కనిపించడం దీని గుర్తు. ఈ రోగానికి మందు, వరుసల రాకలోని ఆ తొట్రుపాటును సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం. కొన్ని ఖరీదైన ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లలో అది లోపలే ఉంటుంది. విడిగా కొనాలంటే భారం కనుక, పానసోనిక్ వారి ఈఎస్10, ఈఎస్15 వంటి పాత డీవీడీ రికార్డర్లను వీసీఆర్‌కూ కంప్యూటరుకూ మధ్య పెట్టి, రికార్డు చేయకుండా కేవలం సిగ్నల్‌ను దాటించడం ఈ పని చేసేవారిలో పేరుపడిన ఉపాయం. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి రికార్డరు ఒకటి సంపాదిస్తే, ఎంత పెద్ద గ్రాఫిక్స్ కార్డూ చేయలేని మేలు జరుగుతుంది.

వీసీఆర్ విషయంలో ఆలస్యం పనికిరాదు. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జూలైలో తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ అన్నది లేదు. ఉన్నవాటిని బాగుచేయగలిగిన మెకానిక్కులు కూడా తగ్గిపోతున్నారు. కోస్తా ఊళ్ళలో మరో బెడద బూజు. క్యాసెట్టు పక్కనున్న చిన్న మీట నొక్కి మూత పైకెత్తితే రీలు కనిపిస్తుంది. క్యాసెట్టు మీది పారదర్శకమైన కిటికీలోంచి చూసినప్పుడు చుట్ట అంచుల మీద తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే ఆ క్యాసెట్టును వీసీఆర్‌లో పెట్టకూడదు. పెడితే ఆ బూజు హెడ్డుకు అంటుకుని, తరవాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. ముందు దాన్ని శుభ్రం చేయించాలి.

ఏ రూపంలో ఎక్కించాలన్నది తరవాతి ప్రశ్న. నేరుగా ఎమ్‌పీ4గా కుదించి రాయడం చవక పరికరాలతో వచ్చే సాఫ్ట్‌వేర్ల అలవాటు. వీహెచ్‌ఎస్ బొమ్మలో ఉండే మరకలు, చుక్కలు, రంగుల అలజడి అన్నీ ఆ కుదింపు లెక్కకు కదలికలుగానే కనిపిస్తాయి. ఉన్న బిట్లన్నీ వాటికే ఖర్చయిపోయి ముఖాలు చదును పడతాయి. బొమ్మకు నష్టం లేకుండా కుదించే హఫ్‌వైయూవీ, లాగరిత్, ఎఫ్ఎఫ్‌వీ1 వంటి కోడెక్‌లు వాడితే గంటకు ముప్పై, నలభై జీబీల దాకా అవుతుంది. మూడు గంటల ఈ-180 క్యాసెట్టుకు నూరు జీబీ పైచిలుకు అనుకోవచ్చు. డీవీ రూపమైతే గంటకు 13 జీబీతో సరిపోతుంది, పాత కంప్యూటరుకు అది ఇంకా తేలిక. ఎక్స్‌టర్నల్ డిస్కు ఫ్యాట్32 అనే పాత ఫైళ్ళ అమరికలో ఉంటే మాత్రం 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, అంటే డీవీ అయినా ఇరవై నిమిషాల లోపే ఆగిపోతుంది. ముందే ఎన్‌టీఎఫ్ఎస్‌కు గానీ ఎక్స్‌ఫ్యాట్‌కు గానీ మార్చుకోవాలి.

మరొక తొందరపాటు, ఏవీ నుంచి హెచ్‌డీఎమ్ఐకి మార్చే చిన్న పెట్టెను మధ్యలో పెట్టి 1080పీలో క్యాప్చర్ చేయడం. క్యాసెట్టు మీద అడ్డంగా ఉన్న వివరమే 240 గీతలకు మించదు. దాన్ని పెద్దది చేసినంత మాత్రాన కొత్త వివరం పుట్టదు. పైగా పాల్ బొమ్మ ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా విడగొట్టి సెకనుకు 50 సగాలుగా వస్తుంది, ఈ పెట్టెల్లో చాలావరకు వాటిని కలిపేసి సెకనుకు 60 చొప్పున బయటకు పంపుతాయి. తలంబ్రాలు పోసే చేతులు గంతులు వేస్తున్నట్టు కనిపించడానికి అది చాలు. ఆ సగాలను ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించుకుని, తరవాత తీరికగా క్యూటీజీఎమ్‌సీ వంటి ఫిల్టరుతో సెకనుకు 50 పూర్తి ఫ్రేములుగా మార్చుకుంటే కదలిక టీవీలో చూసినంత నున్నగా వస్తుంది. పాత ప్రాసెసరుకు ఆ పని రాత్రంతా పట్టవచ్చు. పట్టనివ్వండి.

ఎడిటింగ్ దగ్గరకు వస్తే ఫిర్యాదు మారుతుంది. ఈ మధ్య మా బంధువు ఒకాయన క్యాసెట్లతోపాటు తన అమ్మాయి పెళ్ళి వీడియోలు కూడా కలిపి ఎడిట్ చేసుకోవాలని అసెంబుల్డ్ పీసీ కట్టించుకున్నారు. దుకాణంవాళ్ళు ఆయనకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లున్న క్యాబినెట్టు, ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసరు, ఒకే ఒక్క 16 జీబీ ర్యామ్ స్టిక్కు అమ్మారు. గేములు దాని మీద పరుగులు తీస్తాయి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాతో తీసిన క్లిప్పును టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో క్లిప్పులు పరిచే పట్టీ) మీద పెట్టగానే మాత్రం పెళ్ళికూతురు అడుగడుగుకీ ఆగి ఆగి నడిచింది. టాస్క్ మేనేజరు తెరిచి చూస్తే ప్రాసెసరు గీత నూటికి నూరు దగ్గర ఉంది. గ్రాఫిక్స్ కార్డు పేజీలో వీడియో డీకోడ్ అని ఉన్న చిన్న గడిలో గీత నేలను కరుచుకుని ఉంది. అంతంత డబ్బు పోసి కొన్న వస్తువు ఆ పనిలో చెయ్యే పెట్టలేదు.

కారణం ఆ ఫైలు రూపంలో ఉంది. హెచ్.264, హెచ్ఈవీసీ అనే కుదింపు రూపాల్లో అన్ని ఫ్రేములూ పూర్తి బొమ్మలు కావు. చాలా ఫ్రేముల్లో పక్క ఫ్రేములకూ తమకూ ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. మనం టైమ్‌లైన్ మీద ఒకచోట నొక్కితే, అక్కడి బొమ్మ చూపడానికి కంప్యూటరు వెనక్కి వెళ్ళి ఒక పూర్తి ఫ్రేమును వెతుక్కుని అక్కడి నుంచి కట్టుకుంటూ రావాలి. ఈ పని కోసం చిప్పుల్లో ప్రత్యేకమైన డీకోడరు (కుదించిన వీడియోను విప్పే భాగం) ఉంటుంది, కానీ అది అన్ని రకాల ఫైళ్ళనూ విప్పలేదు. ఆ కెమెరా రాసేది 10 బిట్ల 4:2:2 హెచ్ఈవీసీ. ఎన్‌విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 తరం దాకా దాన్ని విప్పే డీకోడరు లేదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌లోనే ఉంది. ఆయన ప్రాసెసరు 12వ తరానిదే అయినా, పేరు చివర ఎఫ్ ఉన్న రకాల్లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. కాస్త ధర తగ్గుతుందని ఎఫ్ రకం అంటగట్టి, ఆయనకు నిజంగా పనికొచ్చే ఒక్క భాగాన్నీ తీసేసి, దాని బదులు ఆ పని చేయలేని కార్డును ఎన్నో రెట్ల ధరకు అమ్మారన్నమాట. ఎడిటింగ్ పీసీ కావాలని ఆయన నోరు విప్పి చెప్పారు కూడా.

అలాగని ఆయన మళ్ళీ ప్రాసెసరు కొననవసరం లేకపోయింది. ప్రాక్సీ ఫైళ్ళు చేసుకుంటే సరిపోయింది. అసలు క్లిప్పులన్నిటికీ సగం కొలతలో, ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండే డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ రూపంలో నకళ్ళు తయారుచేసి, కోతలూ కూర్పులూ వాటిమీద చేసుకుని, చివర్లో ఎగుమతి సమయానికి అసలు క్లిప్పులు వచ్చి కూర్చునేలా చేయడమే ప్రాక్సీ పద్ధతి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఉచిత వెర్షన్‌లో కూడా ఈ సదుపాయం ఉంది. నకళ్ళు తయారవడానికి ఒక రాత్రి, వాటికోసం ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంతే కావాలి. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 మెగాబైట్ల పైన చదువుతుంది. ఈ పనికి అంతకన్నా వేగమైన ఎన్‌వీఎమ్ఈ ఉంటే మంచిదే గానీ తప్పనిసరి కాదు. ప్రాక్సీల సంగతి తెలిసినవారు కూడా అది చాదస్తమని, కంప్యూటరు సరైనదైతే నకళ్ళెందుకని అంటూ ఉంటారు. కెమెరాలు ఏటేటా కొత్త రూపాలు తెస్తూ ఉంటే ఆ సరైన కంప్యూటరును ఎన్నిసార్లు కొంటారన్నది నా ఎదురు ప్రశ్న.

ఫోనులో తీసిన వీడియోలకు ఇంకో పేచీ ఉంది. వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫోను సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. టైమ్‌లైన్ స్థిరమైన సంఖ్యను ఆశిస్తుంది కనుక పావుగంట దాటేసరికి మాటకూ పెదవికీ పొంతన పోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేరులో స్థిరమైన ఫ్రేమ్ రేటు ఎంచుకుని ఒకసారి మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

ర్యామ్ గురించి క్లుప్తంగా: ఫుల్ హెచ్‌డీకి 16 జీబీ చాలు, 4కెకు 32 ఉంటే హాయి. ఒకే పెద్ద స్టిక్కు కంటే రెండు చిన్న స్టిక్కులు వేయించాలి, ముఖ్యంగా లోపలి గ్రాఫిక్స్ మీద ఆధారపడేవారు, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది కూడా ఈ ర్యామునే.

వేడి, కరెంటు అన్న రెండింటినీ పరాయి దేశాల సలహాల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు గానీ, మన దగ్గర వాటికి పెద్దపీట వేయవలసిందే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో ల్యాప్‌టాపును పరుపు మీద పెట్టి రెండరింగ్ మొదలుపెడితే, కొద్ది నిమిషాల్లోనే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు మనం డబ్బు పోసి కొన్నది పై తరగతి ప్రాసెసరైనా పనిచేసేది కింది తరగతి వేగంతోనే. క్యాబినెట్టులో దుమ్ము దులిపించి, ప్రాసెసరు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు మార్పించి, ఎండాకాలంలో పెద్ద పనులను తెల్లవారుజాముకు నెట్టుకుంటే, కొత్త ప్రాసెసరు కొంటే వచ్చేంత తేడా కొన్నిసార్లు దీనితోనే వస్తుంది. ఇక యూపీఎస్ లేని డెస్క్‌టాపు మీద మూడు గంటల క్యాప్చర్‌కు కూర్చోవడం జూదం. ఎమ్‌పీ4 ఫైలుకు అవసరమైన సూచిక సాధారణంగా రికార్డింగ్ ముగిసినప్పుడే రాయబడుతుంది, కనుక చివరి నిమిషంలో కరెంటు పోతే అప్పటిదాకా రాసిందంతా తెరుచుకోని ఫైలుగా మిగలవచ్చు. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరు వాడేవారు ఎమ్‌కేవీలో రికార్డు చేసుకుంటే కరెంటు పోయిన క్షణం వరకు ఉన్నదైనా దక్కుతుంది. దాన్ని తరవాత అందులోనే ఎమ్‌పీ4కు మార్చుకోవచ్చు, బొమ్మ నాణ్యత తగ్గదు. వీసీఆర్‌ను కూడా అదే యూపీఎస్‌కు తగిలించాలి, లేకపోతే రీలు హెడ్డు చుట్టూ చుట్టుకుని ఉండగానే అది ఆగిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు దండగ అని మాత్రం నేననడం లేదు. పొరల మీద పొరలు వేసి రంగులు దిద్దేవారికి, డావిన్సీ రిజాల్వ్ స్టూడియోలోని నాయిస్ తగ్గించే సాధనాన్ని వాడేవారికి అది నిజంగా పనికొస్తుంది. ఆ సాధనం డబ్బు కట్టిన వెర్షన్‌లోనే ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఈమధ్య చాలామంది కార్డు కొనేది కృత్రిమ మేధతో పాత వీడియోలను 4కెకు పెంచడానికి. ఆ సాఫ్ట్‌వేర్లు చీర అంచును, గోడ మీది క్యాలెండరును బాగానే దిద్దుతాయి. దూరాన, వరుసలో మూడోవారిగా కూర్చున్న అమ్మమ్మ ముఖం క్యాసెట్టులో పట్టుమని ఇరవై పిక్సెళ్ళు కూడా ఉండదు. అక్కడ కళ్ళూ ముక్కూ ఎలా ఉండాలో ఆ సాఫ్ట్‌వేరు తానే ఊహించి గీస్తుంది, ఆ గీసినది చాలాసార్లు మరొకరి ముఖం అవుతుంది. ఆ పని సరదాకు చేసుకునేవారిని నేను వారించను గానీ, నష్టం లేకుండా ఎక్కించిన మూల ఫైలును రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల మీద, వీలైతే రెండు వేర్వేరు ఇళ్ళలో దాచాక మాత్రమే దానికి కూర్చోమంటాను. కార్డుకు తీసిపెట్టిన డబ్బులో కొంత ఆ రెండో డిస్కుకు సరిపోతుంది.